ఏళ్ల తరబడి దగ్గు, రెండుసార్లు టీబీ మందులు, ఇప్పుడు సీటీలో బ్రాంకియెక్టాసిస్: అమ్మకు ఏం చేయాలి?

వంశధార ఒడ్డు (గుణుపురం), 3 నవంబరు 2025

సభ్యులందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అమ్మ వయసు 56. ఆమెకు 2008లో ఊపిరితిత్తుల క్షయ వచ్చింది. కళ్లె పరీక్షలో క్రిములు కనిపించాయి, ఆరు నెలలు మందులు వాడింది, నయమైందని చెప్పారు. 2015లో మళ్లీ దగ్గూ జ్వరమూ పట్టుకున్నప్పుడు కళ్లెలో ఏమీ తేలకపోయినా, ఎక్స్-రేలో నీడ ఉందని ఎనిమిది నెలల కోర్సు ఇచ్చారు. అందులో మొదటి రెండు నెలలు ఇంజెక్షన్లు కూడా చేశారు. అప్పటి నుంచి ఆమె చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నట్టు మోత ఉంటోంది. ఆ కోర్సు పూర్తయినా దగ్గు మాత్రం వదలలేదు.

ఈ వానాకాలంలో మూడోసారి టీబీ మందులు మొదలుపెడదామని ఒకచోట అన్నారు. మరోచోట ఒక యువ వైద్యుడు మాత్రం పాత, కొత్త ఎక్స్-రేలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, పదేళ్లుగా మారని నీడకు కొత్త మందులెందుకని ప్రశ్నించి, విశాఖ పంపి హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల వివరమైన సీటీ స్కాన్) తీయించారు. కుడి పై భాగంలో పాత మచ్చలు, సున్నపు చుక్కలు ఉన్నాయనీ, ఎడమ కింది భాగంలో శ్వాసనాళాలు వెడల్పై బ్రాంకియెక్టాసిస్ ఏర్పడిందనీ రిపోర్టులో ఉంది.

రోజూ పొద్దున్నే ఆమె దాదాపు పావు గ్లాసు కఫం ఊస్తుంది. పసుపు రంగు, ఒక్కోసారి ఆకుపచ్చ. వాసన కూడా ఉంటుంది. పోయిన నెలలో రెండుసార్లు నెత్తురు చారలు కనిపించాయి. ఇది టీబీయేనా, పూర్తిగా నయమవుతుందా, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా అన్నవి నా ప్రశ్నలు. 2008 నుంచి ఆమె కంచం, గ్లాసు వంటింట్లో వేరే అరలో ఉంటున్నాయి. ఆ అర ఎవరూ ముట్టుకోరు. నా కొడుకును ఆమె తనంతట తానే దగ్గరకు రానివ్వదు.

ఛాతీ వైద్యుడు (బరంపురం), 3 నవంబరు

ముందుగా మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే దాన్ని ఈ పూటే అమలు చేయవచ్చు. బ్రాంకియెక్టాసిస్ అంటువ్యాధి కాదు. అసలు క్షయ సైతం దగ్గినప్పుడు గాలి ద్వారా సోకేదే తప్ప కంచం, గ్లాసుల ద్వారా వచ్చేది కాదు. క్షయ మళ్లీ రాలేదని కళ్లె పరీక్షతో రూఢి అయ్యేవరకు ఆమె మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి ఉంచితే చాలు. కంచాన్ని మాత్రం ఈ రాత్రే మిగతావాటితో కలిపేయండి.

ఇక జబ్బు సంగతి. శ్వాసనాళం లోపలికి పోయేకొద్దీ చెట్టుకొమ్మలా సన్నబడాలి. దాని గోడ మీద కంటికి కనిపించని సన్నని కేశాలు ఒక దిశలో ఊగుతూ కఫాన్ని గొంతువైపు నెడుతూ ఉంటాయి. ఏదైనా గట్టి ఇన్ఫెక్షన్ గోడలోని సాగుడు గుణాన్ని దెబ్బతీస్తే నాళం వదులై వెడల్పవుతుంది, కేశాలు రాలిపోతాయి, కఫం అక్కడే నిలిచిపోతుంది. వరద తీశాక వంశధార పాయల్లో మిగిలిపోయిన నీరు ఎలా మురుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. నిలిచిన కఫంలో క్రిములు పెరుగుతాయి, వాటి మీదికి శరీరం పంపిన తెల్లకణాలు విడుదల చేసే రసాయనాలు క్రిములతోపాటు గోడనూ తినేస్తాయి, గోడ మరింత వదులవుతుంది. ఈ విషవలయాన్ని 1986లో కోల్ అనే శాస్త్రవేత్త స్పష్టంగా ప్రతిపాదించారు. జబ్బును మాత్రం అంతకు చాలా ముందే, 1819లో, స్టెతస్కోపును కనిపెట్టిన లేనెక్ వర్ణించారు.

సీటీలో ప్రతి శ్వాసనాళం పక్కన ఇంచుమించు అదే లావున ఒక రక్తనాళం కనిపిస్తుంది. నాళం తన జత రక్తనాళం కంటే లావైతే, అడ్డుకోతలో అది రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. చివరికంటా సన్నబడకుండా పోవడం, ఊపిరితిత్తి అంచుకు ఒక సెంటీమీటరు లోపల కూడా నాళం కనిపించడం మిగతా గుర్తులు. మామూలు ఎక్స్-రేలో ఇవి చాలాసార్లు దొరకవు, దొరికినా పాత టీబీ నీడగా పొరబడే అవకాశం ఎక్కువ.

మన దేశంలో 2,195 మంది రోగుల వివరాలతో 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 35.5 శాతం మందికి మూలకారణం పాత క్షయే. అయితే ఒక్క మాట. క్షయ మచ్చలు సాధారణంగా పై భాగాల్లో ఉంటాయి, మీ అమ్మగారికి వెడల్పయిన నాళాలు ఎడమ కింద ఉన్నాయి. కాబట్టి పాత టీబీ మీదికి నెట్టేసి ఊరుకోకుండా ఇతర కారణాలను కూడా వెతకాలి. చిన్నప్పుడు తట్టు, కోరింత దగ్గు, న్యుమోనియా వచ్చాయా, కీళ్లవాతం ఉందా, పడుకుంటే పుల్లటి నీరు గొంతులోకి వస్తుందా అని అడగండి. రక్తంలో మొత్తం ఐజీఈ (అలర్జీని సూచించే ప్రతిరక్షకం), ఆస్పర్‌జిల్లస్ బూజుకు సంబంధించిన ఐజీఈ, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే ఇమ్యునోగ్లోబ్యులిన్ల (రోగనిరోధక ప్రొటీన్ల) పరీక్షలు, స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల శక్తి కొలిచే పరీక్ష), కళ్లె కల్చర్ చేయించండి.

లెక్కల టీచరు (పర్లాకిమిడి), 3 నవంబరు

బాబూ, నేను ఈ జబ్బుతో నలభై ఏళ్లు గడిపిన మనిషిని, కనుక మీ రెండో ప్రశ్న నాకు వదిలేయండి. వెడల్పయిన గొట్టం మళ్లీ సన్నబడదు. కానీ నేను ఇద్దరు పిల్లల్ని కని, ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టుకుని పాఠాలు చెప్పాను.

నాకు నాలుగో ఏట తట్టు పోసింది. అప్పటికి మన ఊళ్లలో ఆ టీకా లేదు, ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది 1985లో. తట్టు తగ్గినా దగ్గు మిగిలిపోయింది. అందరూ ఉబ్బసమన్నారు. 1984లో, నాకు పదహారేళ్లప్పుడు, శ్వాసనాళంలోకి గొట్టం దింపి నూనెలాంటి రంగుమందు పోసి ఎక్స్-రే తీశారు. దాన్ని బ్రాంకోగ్రామ్ అనేవారు. ఆ మందు దగ్గి బయటికి తెచ్చుకునేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఇప్పటివాళ్లు సీటీ బల్ల మీద పది సెకన్లు ఊపిరి బిగపట్టి లేచి వస్తుంటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

నా దినచర్య చెబుతాను. అయిదింటికి లేచి గోరువెచ్చని నీళ్లు తాగుతాను. ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీల్చి పావుగంట ఆగి, ఉప్పునీటి నెబ్యులైజర్ పెట్టుకుంటాను. తరువాత నులక మంచం మీద కుడివైపు తిరిగి పడుకుని, నడుము కింద తలగడ పెట్టుకుని, ఊపిరి కసరత్తు చేస్తాను. మూత ఉన్న గాజు సీసాలో కఫం పట్టి వెలుగుకు ఎత్తి చూస్తాను. పైన నురగ, మధ్యన నీళ్లలాంటి పొర, అడుగున చీము. అడుగు పొర ఎంత మందాన ఉందో, రంగు ఏమిటో డైరీలో రాస్తాను. లెక్కల టీచరుకు ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది? అయితే ఆ డైరీ వల్లే జబ్బు ముదరడం నాకు రెండు రోజుల ముందే తెలుస్తుంది.

మందుల కొట్టు (కాశీనగరం), 4 నవంబరు

కౌంటర్ ఇవతల నిలబడి ఇరవై ఏళ్లుగా చూస్తున్నదాన్ని బట్టి చెబుతున్నాను. ఇలాంటి రోగులు దుకాణానికి రాగానే దగ్గు ఆగే సిరప్ అడుగుతారు. దగ్గును అణిచే మందు తాగితే ఆ పూట నిద్ర పట్టవచ్చుగానీ, బయటికి రావలసిన కఫం లోపలే ఉండిపోతుంది. మీ అమ్మగారి దగ్గు ఆమెకు శత్రువు కాదు, దాన్ని ఆపకండి.

రెండో సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. చీటీ లేకుండా లెవోఫ్లాక్సాసిన్ మూడు బిళ్లలు ఇమ్మని అడిగేవారు, ఇచ్చేవారు మా వీధిలోనే ఉన్నారు. మూడు రోజులకు రంగు తేలికపడుతుంది, మానేస్తారు, నెలకల్లా మళ్లీ వస్తారు. ఈ జబ్బులో ముదిరినప్పుడు యాంటిబయాటిక్‌ను సాధారణంగా 14 రోజులు రాస్తారు. పైగా ఆ కుటుంబపు మందులు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి కనుక, కళ్లె ఇవ్వకముందే మింగితే నిజంగా టీబీ ఉన్నా పరీక్షలో దాక్కునే ప్రమాదం ఉంది.

కళ్లె డబ్బా (జయపురం), 4 నవంబరు

పై మాటను ల్యాబ్ టెక్నీషియన్‌గా నేను రెండు చేతులా సమర్థిస్తున్నాను. కళ్లె ఇచ్చే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది ఉమ్మే. లేవగానే మామూలు నీళ్లతో నోరు పుక్కిలించాలి. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, అడుగు నుంచి దగ్గి, చిక్కగా వచ్చినదాన్నే డబ్బాలో వేసి మూత బిగించాలి. వెంటనే ల్యాబుకు చేర్చాలి, కుదరకపోతే చల్లగా ఉంచాలి. మధ్యాహ్నపు ఎండలో బస్సు కిటికీ పక్కన పెట్టుకుని తెస్తే కల్చర్‌లో మొలిచేది అసలు దోషి కాకపోవచ్చు.

కళ్లె పరీక్ష అనగానే అందరూ ఒకటే అనుకుంటారుగానీ, మీకు మూడు కావాలి. మామూలు క్రిముల కల్చర్ వేరు, దానికి రెండు మూడు రోజులు చాలు. టీబీకి సీబీనాట్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే యంత్ర పరీక్ష) వేరు, అది రెండు గంటల్లో తేలుతుంది. టీబీ ద్రవ కల్చర్ వేరు, అది నెగెటివ్ అని చెప్పడానికి ఆరు వారాలు ఆగాలి. అదివరకు టీబీ మందులు వాడినవారిలో సీబీనాట్ చచ్చిన క్రిముల జన్యుపదార్థాన్ని పట్టుకుని కూడా పాజిటివ్ చూపవచ్చు. అలాగే మైక్రోస్కోపులో క్రిములు కనిపించి సీబీనాట్ నెగెటివ్ వస్తే, అవి టీబీకి దగ్గరి బంధువులైన వేరే మైకోబ్యాక్టీరియా అయ్యే వీలుంది. వాటికి వాడే మందులు వేరు. ఒక్క కాగితం చూసి నిర్ణయాలు తీసుకోకండి.

జీడితోట (గారబంద), 5 నవంబరు

ఇంత హడావిడి అవసరమా అని నా అనుమానం. మా పెదనాన్నకు ఇదే దగ్గు ఉండేది. అడ్డసరం ఆకు, పిప్పళ్లు, తేనె కలిపి కషాయం తాగి తేలికపడ్డాడు. తరువాత పక్క ఊళ్లో ఒకాయన ఇచ్చే ఆయాసం పొడి వాడితే నాలుగు రోజుల్లో లేచి తిరిగాడు. లేదంటే చెడిపోయిన ముక్కను ఆపరేషన్ చేసి తీసేయించుకోవచ్చు కదా, జీవితాంతం ఈ తలగడల గొడవ ఎందుకు?

ఛాతీ వైద్యుడు (బరంపురం), 5 నవంబరు

అడ్డసరాన్ని నేను తీసిపారేయను. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం పలుచన చేసే మందు తయారైంది. మందుల కొట్టు గారి అరలో అది ఇప్పుడూ ఉంటుంది. కషాయం గొంతుకు హాయినివ్వవచ్చుగానీ వెడల్పయిన నాళాన్ని దగ్గరకు తేలేదు. నాకు భయమల్లా ఆ పొడి గురించే. పేరు లేని పొడి నాలుగు రోజుల్లో మనిషిని లేపి కూర్చోబెట్టి, ఆకలి పెంచి, ముఖం ఉబ్బించిందంటే అందులో స్టిరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. ఇన్ఫెక్షన్ ఉన్న ఊపిరితిత్తికి అది చాటుగా చేసే చెరుపు. పెదనాన్నగారికి షుగర్, బీపీ చూపించండి, పొడిని మాత్రం ఒక్కసారిగా మానిపించకుండా వైద్యుడి పర్యవేక్షణలో తగ్గించండి.

ఆపరేషన్ అన్నది, జబ్బు ఊపిరితిత్తిలో ఒకే లోబ్‌కు పరిమితమై, మందులకు, కసరత్తుకు లొంగకపోయినప్పుడు, లేదా నెత్తురు ఆగకపోయినప్పుడు ఆలోచించవలసినది. రెండు వైపులా మచ్చలున్న మనిషికి తొందరపడి కోయరు.

కొరాపుట్ నాన్న (కొరాపుట్), 5 నవంబరు

కారణం వెతకాలన్న మాటకు నా అనుభవం ఒకటి. మా అమ్మాయికి అయిదో ఏట నుంచి కుడి కింది భాగంలోనే మళ్లీ మళ్లీ న్యుమోనియా వచ్చేది. ఏడాదిన్నర తరువాత బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి చూడటం) చేస్తే వేరుశెనగ పలుకు బయటపడింది. ఎప్పుడో పొలమారింది, దగ్గింది, మేము నీళ్లు తాగించి మరిచిపోయాం. పలుకు తీశారుగానీ ఆ గొట్టం అప్పటికే కొంత వెడల్పైంది. ఒకే చోట పదేపదే న్యుమోనియా వస్తుంటే దయచేసి గుర్తుంచుకోండి.

ఊపిరి వ్యాయామం (రాయగడ), 6 నవంబరు

ఫిజియోథెరపిస్టుగా నా వంతు. మందు సగం పని చేస్తుంది, మిగతా సగం కఫం తీయడం. దాన్ని రోజూ చేయించేవారు లేక నా దగ్గరికి ముదిరాక వస్తారు.

పద్ధతి ఇది. ముందు భుజాలు వదులుగా వదిలేసి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిమిషం సేపు మామూలుగా ఊపిరి తీయాలి. తరువాత ముక్కుతో నిండుగా పీల్చి, మూడు సెకన్లు ఆపి, మెల్లగా వదలాలి. ఇలా మూడు నాలుగుసార్లు. ఆ ఆపడంలోనే గాలి కఫం వెనక్కు చేరుతుంది. మళ్లీ మామూలు ఊపిరి. ఇప్పుడు నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఊదినట్టు, హా అంటూ పొట్ట బిగించి వదలాలి. చిన్న ఊపిరితో నిడివిగా ఊదితే లోతున ఉన్న కఫం కదులుతుంది, పెద్ద ఊపిరితో పొట్టిగా ఊదితే పైకి చేరినది బయటపడుతుంది. గొంతులో గరగర వినిపించాకే దగ్గాలి. ముందే దగ్గితే అలసట తప్ప లాభం లేదు. పది నిమిషాల నుంచి అరగంట లోపు, రోజుకు రెండుసార్లు, తిన్న వెంటనే మాత్రం వద్దు.

ఎడమ కింది భాగానికి కుడివైపు తిరిగి పడుకోవాలి, టీచరమ్మ గారు చేస్తున్నది సరైనదే. కొందరు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి తల బాగా కిందికి వంచుతారు. పుల్లటి తేన్పులు, అధిక రక్తపోటు, నెత్తురు పడటం ఉన్నవారికి అది మంచిది కాదు. చదునుగా పడుకుని చేసినా పని జరుగుతుంది.

ఊదితే లోపల గోళీ కదిలి ప్రకంపనలు పుట్టించే చిన్న పరికరాలు బజారులో ఉన్నాయి. కొనలేనివారికి సీసాలో కొలతగా నీళ్లు పోసి, గొట్టంతో బుడగలు ఊదే పద్ధతి నేర్పుతాను. నీటి ఎత్తు, గొట్టం లావు లెక్క ప్రకారం ఉండాలి కనుక ఒకసారి ఎదురుగా చూసి నేర్చుకోండి, నీళ్లు రోజూ మార్చండి. నెబ్యులైజర్ కప్పును కడిగి పూర్తిగా ఆరబెట్టకపోతే, తడిని ఇష్టపడే సూడోమోనాస్ క్రిమికి మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు.

రైలు మార్గం (నౌపడా), 6 నవంబరు

మా నాన్నగారు ఇదే జబ్బుకు వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్ వాడుతున్నారు. ఏడాదిగా ఆసుపత్రి ముఖం చూడలేదు. మీరూ మొదలుపెట్టించండి. అలాగే అమెరికాలో కొత్త బిళ్ల వచ్చిందని చదివాను, దాని సంగతి ఎవరైనా చెప్పగలరా?

ఛాతీ వైద్యుడు (బరంపురం), 6 నవంబరు

నాన్నగారికి అది సరైన మందే అయి ఉంటుంది. ఏడాదిలో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు ముదిరేవారికి దీర్ఘకాలం తక్కువ మోతాదు అజిత్రోమైసిన్ మేలు చేస్తుందని 2012, 2013లలో వెలువడిన పరిశోధనలు చూపాయి. కానీ ఈ అమ్మగారికి ఇప్పుడే వద్దు. మొదటిది, కళ్లె డబ్బా గారు చెప్పిన టీబీ బంధువులు ఉన్నాయేమో తేలకుండా ఈ ఒక్క మందే ఇస్తే అవి దానికి లొంగకుండా తయారవుతాయి. రెండోది, ఈసీజీలో గుండె లయ చూడాలి. మూడోది, 2015లో చేసినవి బహుశా స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. చెవుల్లో మోత వాటి వల్లే మొదలై ఉండవచ్చు. అజిత్రోమైసిన్ కూడా వినికిడిని దెబ్బతీయగలదు, ఆ ఇంజెక్షన్ల కుటుంబానికే చెందిన అమికాసిన్, టోబ్రామైసిన్ సరేసరి. ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా ఆ చెవి సంగతే మొదట చెప్పండి.

ఆ కొత్త బిళ్ల పేరు బ్రెన్సోకాటిబ్. ఈ జబ్బుకంటూ అమెరికాలో ఆమోదం పొందిన మొదటి మందు ఇదే, 2025 ఆగస్టులో వచ్చింది. తెల్లకణాల్లో గోడను తినే ఎంజైములు చురుగ్గా మారకుండా అడ్డుపడుతుంది. పరీక్షల్లో ముదరడాలు దాదాపు 5వ వంతు తగ్గాయి. మంచి వార్తేగానీ, కసరత్తు మానేయడానికి సాకు కాదు.

లెక్కల టీచరు (పర్లాకిమిడి), 7 నవంబరు

నెత్తురు గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. చారలుగా పడితే కంగారు పడకుండా రంగు, పరిమాణం రాసుకుని వైద్యుడికి చెప్పండి. 2016లో ఒక రాత్రి నాకు ఏకంగా గ్లాసు నిండింది. మా ఆయన నన్ను వెల్లకిలా పడుకోబెట్టబోతే, నేనే సైగ చేసి, జబ్బున్న ఎడమ వైపుకు తిరిగి పడుకున్నాను. నెత్తురు మంచి ఊపిరితిత్తిలోకి జారకుండా ఉండాలంటే జబ్బు వైపే కిందికి ఉండాలి. తెల్లారేసరికి విశాఖ చేరాం. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మూసేశారు. నేను మెలకువగానే ఉండి తెర మీద చూశాను. గొట్టాల చుట్టూ నాళాలు మర్రి ఊడల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. రెండు మూడు చెంచాలు దాటి పడితే ఆలస్యం చేయకండి.

నిర్వాహకుడు, 7 నవంబరు

పేరులేని పొడి దొరికే చిరునామా అడుగుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. చర్చను కొనసాగించండి.

వంశధార ఒడ్డు (గుణుపురం), 21 డిసెంబరు

ఆలస్యానికి మన్నించండి, ఆరు వారాల కల్చర్ కోసం ఆగాను. సీబీనాట్, టీబీ కల్చర్ రెండూ నెగెటివ్. ఐజీఈ మామూలుగానే ఉంది, ఇమ్యునోగ్లోబ్యులిన్లు బాగున్నాయి. మామూలు కల్చర్‌లో మాత్రం సూడోమోనాస్ పెరిగింది. అది ఇదే మొదటిసారి దొరకడం కనుక గట్టిగా తరిమేయాలని వైద్యులు సిప్రోఫ్లాక్సాసిన్ 14 రోజులు ఇచ్చి, తరువాత కొలిస్టిన్ అనే మరో యాంటిబయాటిక్‌ను నెబ్యులైజర్‌లో మూడు నెలలు రాశారు. సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతుండగా మడమ నరం నొప్పెడితే వెంటనే ఆపమన్నారు, పాలతో, ఐరన్ బిళ్లలతో కలిపి వేయవద్దన్నారు. ఉప్పునీటి మొదటి డోసు ఆసుపత్రిలోనే ఇచ్చి, ముందూ వెనకా ఊదించి చూశారు, గొట్టాలు బిగుసుకోలేదని తేలాకే ఇంటికి రాశారు. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు కూడా వేశారు. అమ్మమ్మను అడిగితే, అమ్మకు మూడో ఏట కోరింత దగ్గు వచ్చి నెలల తరబడి పోలేదని ఇప్పుడు గుర్తుచేసుకుంది. ఎడమ కింది భాగానికి అదే కారణం కావచ్చని వైద్యుల అభిప్రాయం.

రాయగడ వెళ్లి కసరత్తు నేర్చుకొచ్చాం. మొదటి వారం కఫం ఇంకా పెరిగినట్టు కనిపించి భయపడ్డాం, నిలవ ఉన్నదంతా వస్తోందని ఊపిరి వ్యాయామం గారు ధైర్యం చెప్పారు. ఇప్పుడు గ్లాసు అడుగున రెండు వేళ్ల మందం కూడా ఉండటం లేదు, వాసన పోయింది. ఉప్పునీటి రుచికి మాత్రం, ఎవరో మజ్జిగలో ఉప్పు రెండుసార్లు వేశారని అమ్మ రోజూ ఫిర్యాదు చేస్తుంది.

కంచం కలపడానికి మొదట ఆమే ఒప్పుకోలేదు. టీబీ కల్చర్ రిపోర్టు ఒడియా, తెలుగు రెండింట్లోనూ చదివి వినిపించాక, ఆ సాయంత్రం ఆమే ఆ అరను కడిగి, అందులో పోపు డబ్బా పెట్టుకుంది.

ఒక సందేహం. సంక్రాంతి వస్తోంది. మా వీధి భోగిమంట దగ్గర ప్రతి ఏడాదీ మొదటి పిడక ఆమే వేస్తుంది. వెళ్లనివ్వవచ్చా? ఇంట్లో కట్టెల పొయ్యి మాత్రం మాన్పించి గ్యాస్ పెట్టించాం.

లెక్కల టీచరు (పర్లాకిమిడి), 21 డిసెంబరు

మంట రాజుకోకముందే పిడక వేసి వచ్చేయమనండి బాబూ. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, మాస్కు పెట్టుకుని, అరుగు మీదే కూర్చోమనండి. నేనూ పదేళ్లుగా మా మేడ మీద నుంచే చూస్తున్నాను. ఆ తెల్లవారుజామున అందరూ మంట దగ్గరే ఉంటారు కనుక, నెబ్యులైజర్ మాత్రం మరిచిపోతారు. దాన్ని ముందే పెట్టించండి.